ఎన్ని మెడికల్ కాలేజీలకు పెట్టాలి? ఒక గాజువాక కుటుంబం కేసు

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ మా ఆఫీసు మెట్లెక్కే తల్లిదండ్రులు "సీటొస్తుందా" అని అడగడానికి ముందే ఇంకో మాట అడుగుతారు, "సార్, మొత్తం ఎన్ని కాలేజీలు పెట్టమంటారు?" పది అంటే తక్కువేమో అని భయం, రెండొందలు అంటే కాస్త ధైర్యం. ఈ అంకె కోసం ఆరాటపడిన ఒక కుటుంబం కేసు పూర్తిగా రాస్తున్నాను. వీళ్లు వేసుకున్న లెక్క చాలా ఇళ్లలో వేసుకునేదే, కాకపోతే వీళ్లు దాన్ని కాగితం మీద పెట్టి తెచ్చారు కాబట్టి తేడా ఎక్కడుందో చూపించడం నాకు తేలికైంది.

నా పని గురించి రెండు ముక్కలు. విశాఖ ద్వారకానగర్‌లో చిన్న ఆఫీసు, నీట్ రాసిన పిల్లలకు కౌన్సెలింగ్ దరఖాస్తులు, సర్టిఫికెట్లు, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీలు ఏ వరసలో కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే జాబితా) చూసిపెడతాను. సీట్లు ఇప్పించను, ఇప్పిస్తామని తిరిగేవాళ్లతో నాకు పనిలేదు. ఈ కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను, ర్యాంకు మాత్రం చెప్పను, చెబితే వాళ్ల వీధిలోవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

2025 నీట్. పాప లాంగ్ టర్మ్, అంటే ఇంకో ఏడాది కోచింగ్, చేసి రెండోసారి రాసింది. స్కూలు, ఇంటర్ అన్నీ విశాఖలోనే. తండ్రికి పాత గాజువాకలో హార్డ్‌వేర్ షాపు ఉంది, తల్లి ఇల్లు చూసుకుంటూ సాయంత్రం షాపు లెక్కలు కూడా రాస్తుంది, తమ్ముడు ఇంటర్. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనమామ ఉన్నాడు, ఇంట్లో చదువుల వ్యవహారాలన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయట, నాతో మాట్లాడిన ప్రతిసారీ ఫోన్ స్పీకర్లో ఆయన కూడా ఉన్నాడు.

వచ్చినప్పుడు తండ్రి మొహంలో సీటు పోయిందన్న దిగులే కనిపించింది. ఎందుకంటే పాప మార్కులు తీసుకెళ్లి 2024లో చివరి సీటు వచ్చినవాళ్ల మార్కుల పక్కన పెట్టుకున్నాడు. ఆ పోలికే తప్పు. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి, తర్వాత సవరించిన ఫలితాల్లో ఆ సంఖ్య 17కి దిగింది, మార్కులు ఆకాశంలో ఉన్న ఏడాది అది. 2025లో ఫిజిక్స్ పిల్లల్ని ఏడిపించింది, దేశంలో మొదటి ర్యాంకుకే 686. కాబట్టి పోయినేడు ఇన్ని మార్కులకు సీటు వచ్చిందట, ఈ ఏడాది మనకు అన్ని లేవట అనే మాటకు అర్థం లేదు. చూడాల్సింది ర్యాంకు. ర్యాంకు ప్రకారం చూస్తే పాప తన కేటగిరీలో, ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో (స్థానిక కోటా కోసం రాష్ట్రాన్ని విడదీసిన ఏరియాల్లో విశాఖది), ముందు ఏడాది కన్వీనర్ సీటు (రాష్ట్రం మెరిట్ మీద తక్కువ ఫీజుకు ఇచ్చేది) ఆగిపోయిన చోటికి బాగా దగ్గరలో ఉంది. గీతకు ఇవతలా అవతలా అన్నది జాబితాలు వస్తే కానీ తెలియదు. మా దగ్గర అన్నిటికన్నా కష్టమైన కేసులు ఇవే. మంచి ర్యాంకు వాళ్లకు నా అవసరం లేదు, బాగా వెనకున్న వాళ్లకు నేను చేయగలిగింది లేదు.

మేనమామ పంపిన రెండు జాబితాలు తండ్రి బల్లమీద పెట్టాడు. ఒకటి ఢిల్లీ కౌన్సెలింగ్‌ది, అంటే ఎంసీసీ (కేంద్రం మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నడిపే ఆల్ ఇండియా కోటా, డీమ్డ్ యూనివర్సిటీలు (యూనివర్సిటీ హోదా ఉన్న, ఎక్కువగా ప్రైవేట్ సంస్థలు) కలిపి, ఏదో ప్రిడిక్టర్ యాప్ నుంచి దింపిన పేర్లు, స్టేపుల్ చేసిన పేజీలకు పేజీలు. రెండోది మన రాష్ట్రానిది, షాపు బిల్లు పుస్తకం వెనక బాల్ పెన్నుతో రాసింది. అందులో విశాఖ ఏఎంసీ (ఆంధ్రా మెడికల్ కాలేజీ), కాకినాడ రంగరాయ, గుంటూరు, విజయవాడ సిద్ధార్థ, తిరుపతి ఎస్వీ, కర్నూలు. అంతే. ఆ ఆరూ అయ్యాక కింద ఒక గీత కొట్టి "మిగతావి వద్దు" అని ఉంది.

ఎక్కడ పొడుగ్గా ఉండాలో అక్కడ పొట్టిగా, ఎక్కడ పొట్టిగా ఉండాలో అక్కడ పొడుగ్గా పెట్టారు. కేసంతా ఇదే, మిగతాదంతా దీన్ని సరిచేసే పని.

ఎన్ని కాలేజీలు అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఎన్ని కౌన్సెలింగులకు దరఖాస్తు పెట్టాలి అన్నది ఒకటి. ఒక్కో కౌన్సెలింగ్ లోపల ఎన్ని ఆప్షన్లు ఇవ్వాలి అన్నది ఇంకొకటి. మొదటిదానికి డబ్బు ఖర్చవుతుంది, సర్టిఫికెట్లు కావాలి, తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి, కాబట్టి అక్కడ చెయ్యి బిగబట్టాలి. రెండోదానికి పైసా ఖర్చు లేదు. పది ఆప్షన్లు పెట్టినా అరవై పెట్టినా అదే ఫీజు. అక్కడ పిసినారితనం చూపించి, మొదటి దగ్గర చెయ్యి విడిచేసే కుటుంబాలే ఎక్కువ.

ముందు ఢిల్లీ జాబితా తీసుకున్నాం. దేశంలోని గవర్నమెంట్ కాలేజీల్లో 15 శాతం సీట్లు, ఎయిమ్స్‌లు, జిప్‌మర్, డీమ్డ్‌లు అన్నీ అక్కడే భర్తీ అవుతాయి. తండ్రి ధీమాగా "మేం బీసీ కదండీ, అక్కడ కూడా ఓబీసీకి 27 శాతం ఉందట కదా" అన్నాడు. ఉంది, 2021 నుంచి ఉంది. కానీ అది నాన్ క్రీమీ లేయర్ వాళ్లకు. వ్యాపార ఆదాయం ఏడాదికి 8 లక్షల గీత వరసగా మూడేళ్లు దాటితే ఆ సర్టిఫికెట్ రాదు, షాపు రిటర్నులు చూస్తే గీత ఎప్పుడో దాటేసింది. రాష్ట్రంలో బీసీ-డి అయిన పాప ఢిల్లీ లెక్కలో ఓపెన్ అన్నమాట. ఇది ఒక్కటి తేలగానే పేజీలకు పేజీలున్న ఆ జాబితాలో గవర్నమెంట్ కాలేజీల భాగం మొత్తం పనికిరాకుండా పోయింది, యాప్‌లో ఓబీసీ అని కొట్టి తీసిన పేర్లు కదా అవి. ఇంకో మాట, దరఖాస్తులో ఓబీసీ అని ఉండి దాని మీద సీటు వచ్చినా కాలేజీలో రిపోర్టు చేసేటప్పుడు కేంద్రం ఫార్మాట్ సర్టిఫికెట్ లేకపోతే ఆ సీటు నిలవదు. మీసేవ ఇచ్చిన కుల ధ్రువీకరణ చూపిస్తే వాళ్లు ఒప్పుకోరు. పైగా మన రాష్ట్రంలో బీసీలైన కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవు, ఇది కూడా ముందే చూసుకోవాలి.

సరే, అలాగని ఆల్ ఇండియా కోటాకు అసలు పెట్టొద్దన్నానా అంటే లేదు. ఓపెన్ వాళ్లకు తిరిగిరాని ఫీజు వెయ్యి రూపాయలు, డిపాజిట్ పదివేలు, మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోయినా డిపాజిట్ పోదు. ఈ పాపకు అక్కడ ఆశ లేదని మొహాన చెప్పాను. పెట్టకపోతే రేపు "ఆ రోజు పెట్టుంటే" అనే మాట ఇంట్లో ఏళ్ల తరబడి తిరుగుతుందని వాళ్లమ్మ అంది. వెయ్యి రూపాయలతో ఆ టెన్షన్ పోతుందంటే పెట్టండమ్మా అన్నాను. కాకపోతే పేజీల జాబితా చించేసి, మన రాష్ట్రంలో సీటు కన్నా ఇదే నయం అని పాప నిజంగా అనుకునే వాటినే ఉంచమన్నాను. అలా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఇక్కడ ఒక పక్క కథ చెప్పాలి. అదే వారం ఇంకో కుటుంబం వచ్చింది, అబ్బాయిది బాగా మంచి ర్యాంకు, ఆల్ ఇండియాలో సీటు వచ్చే అవకాశం గట్టిగా ఉంది. కర్నూలు అన్నా తిరుపతి అన్నా సరేనంటారు, "ఒరిస్సా మాత్రం వద్దండీ, దూరం" అంటారు. బరంపురం ఎంకేసీజీ కాలేజీ 1962 నాటిది, విశాఖ నుంచి హౌరా లైన్లో నాలుగైదు గంటల రైలు ప్రయాణం, ఊళ్లో సగం చోట్ల తెలుగు వినిపిస్తుంది. తిరుపతికి ఇక్కడి నుంచి రాత్రంతా ప్రయాణం. రాష్ట్రం గీత దాటితే పరాయి దేశం అనుకోవడం తప్ప ఇందులో ఇంకేం లేదు. మ్యాపు ఫోన్లో తెరిచి చూపిస్తే కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. విశాఖ పిల్లలు ఆల్ ఇండియా ఆప్షన్లు పెట్టేటప్పుడు బరంపురాన్ని, కెకె లైన్లో ఉన్న కొరాపుట్‌ని ఎందుకు మర్చిపోతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ రాష్ట్రం బాండ్ షరతులు చదువుకోవాలి, అది వేరే సంగతి, ఎక్కడికెళ్లినా చదవాల్సిందే. మహారాష్ట్రలో అయితే ఏడాది సర్వీసు చేయాలి, లేదంటే పది లక్షలు కట్టాలి.

గాజువాక కేసుకి వస్తే, అసలు గొడవ డీమ్డ్ దగ్గర మొదలైంది. డీమ్డ్ రిజిస్ట్రేషన్‌కు ఐదు వేలు తిరిగిరాని ఫీజు, రెండు లక్షలు డిపాజిట్. మేనమామ వాదన ఒకటే, "రెండు లక్షలు ఎలాగూ తిరిగొస్తాయి కదండీ, పెట్టి చూస్తే పోయేదేముంది?" వినడానికి బాగానే ఉంటుంది. నేను అడిగింది, సీటు వస్తే చేరతారా అని. స్పీకర్లో కాసేపు నిశ్శబ్దం, తర్వాత "వచ్చాక చూద్దాం" అన్నాడాయన.

వచ్చాక చూద్దాం అనేది డీమ్డ్ దగ్గర నడవదు, కారణాలు చెప్పాను. మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోతే ఫర్వాలేదు. రెండో రౌండులో వచ్చి చేరకపోతే రెండు లక్షలూ పోతాయి. చివరి స్ట్రే రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు తర్వాతి ఏడాది నీట్ రాసే అర్హత కూడా పోతుంది. ఇవి రూల్సు. రూల్సులో రాయనిది ఇంకోటుంది. స్క్రీన్ మీద పాప పేరు పక్కన కాలేజీ పేరు కనబడిన సాయంత్రం నుంచి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి, అమ్మమ్మ ఊళ్లో అందరికీ డాక్టరమ్మ అని చెప్పేస్తుంది, రిపోర్టు చేయడానికి చేతిలో ఉండేది కొద్ది రోజులు, ఆ కొద్ది రోజుల్లో ఏడాదికి ఇరవై లక్షల పైన ఉండే ఫీజుకు వద్దు అని చెప్పగలిగిన తండ్రిని నేను పెద్దగా చూడలేదు. అప్పు చేసైనా కడతారు. ముందు ప్రశాంతంగా కూర్చుని వద్దనుకున్న సీటుకు, తర్వాత కంగారులో ఊ అంటారు. అందుకే డీమ్డ్ ఫీజు కట్టగలం, కట్టడానికి ఇష్టమే అన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ డిపాజిట్ కట్టొద్దని నా మాట. రుషికొండలో కాలేజీ ఉంది, ఇంటి నుంచే వెళ్లి రావొచ్చు అన్నది ఫీజు కట్టగలిగాక ఆలోచించాల్సిన విషయం.

డిపాజిట్ గురించి ఇంకో చిన్న విషయం, ఏటా ఎవరో ఒకరు ఇరుక్కునేదే. ఎంసీసీ డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లిందో ఆ ఖాతాకే తిరిగి వేస్తుంది. నెట్ సెంటర్ కుర్రాడి కార్డుతో కట్టించి వాడికి చేతికి నగదు ఇస్తే, నెలల తర్వాత రిఫండ్ వాడి ఖాతాలో పడుతుంది. అప్పటికి ఆ కుర్రాడు అక్కడ పని మానేసి ఉంటాడు. ఫోన్ నంబరు కూడా అంతే, ఓటీపీలన్నీ మీ జేబులోని ఫోన్‌కే రావాలి.

ఇక డబ్బు. ప్రతి కుటుంబం చేత నేను ఒక కాగితం మీద ఒక అంకె రాయిస్తాను, ఏడాదికి ఎంత పెట్టగలరు అని, ఏ ఆస్తీ అమ్మకుండా. తండ్రి ఆరు లక్షలు అని రాశాడు. మన రాష్ట్రంలో ప్రైవేట్ కాలేజీ సీట్లు మూడు రకాలు, సగం కన్వీనర్ కోటా, 35 శాతం బీ-కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా), 15 శాతం ఎన్నారై. కన్వీనర్ కోటాలో ట్యూషన్ ఫీజు వేలల్లోనే, బీ-కేటగిరీలో ఏడాదికి 12 లక్షల పైమాటే. ఐదేళ్ల లెక్క వేస్తే 60 లక్షలు దాటుతుంది, హాస్టల్, మెస్, పుస్తకాలు పైన. అంటే ఆ అంకె ప్రకారం బీ-కేటగిరీ కుదరదు. అప్పుడు తండ్రి ఆనందపురం వైపు ఉన్న స్థలం మాట తెచ్చాడు. పాప అంతవరకూ నోరు విప్పలేదు, అప్పుడు మాత్రం "స్థలం అమ్మొద్దు నాన్నా, ఇంకో ఏడాది రాస్తాను" అంది. వాళ్లమ్మ వెంటనే "ఇంకో ఏడాదా, నా వల్ల కాదే తల్లీ, నిన్ను అలా చూడ్డం" అంది. ముగ్గురూ ముగ్గురి వైపు చూసుకున్నారు, నేను టీ తెప్పించాను.

ఆ పూట తేలలేదు, తేల్చమని నేను ఒత్తిడి చేయలేదు. కానీ బీ-కేటగిరీ దరఖాస్తుకు చివరి తేదీ ఆగదు, కన్వీనర్ కోటా దరఖాస్తు వేరు, దీనిది వేరు, ఫీజు పదివేలు దాటుతుంది, తిరిగి రాదు. నా సలహా దరఖాస్తు పెట్టమని. డీమ్డ్‌కు వద్దని దీనికి అవునని ఎలా అంటున్నారని మేనమామ పట్టుకున్నాడు, మంచి ప్రశ్నే అడిగాడు. తేడా ఏంటంటే, ఇది పది వేలతో కొనుక్కునే గడువు. రెండు లక్షలు ఇరుక్కోవు, అప్లికేషన్ పెట్టినంత మాత్రాన సీటు మీద పడదు, ఆప్షన్లు తెరిచే నాటికి స్థలం సంగతి ఇంట్లో తేల్చుకోవచ్చు, తేలకపోతే ఆప్షన్లు ఇవ్వకుండా ఊరుకోవచ్చు. డీమ్డ్ ఫీజు స్థలం అమ్మినా అందదు, ఇది అమ్మితే అందుతుంది. కాబట్టి ఒకటి ఆలోచించదగ్గది, రెండోది కాదు.

పక్క రాష్ట్రాల ప్రైవేట్ కౌన్సెలింగులు, కర్ణాటక, పుదుచ్చేరి లాంటివి, ఒక్క నిమిషంలో పక్కన పెట్టేశాం. వాటిలో బయటి వాళ్లకు దొరికే సీట్ల ఫీజు చూస్తే మన బీ-కేటగిరీ కన్నా ఎక్కువో దాని దరిదాపుల్లోనో ఉంటుంది, మరి అక్కడికెందుకు? తెలంగాణ కూడా అంతే. ఆ తర్వాత వారం రోజుల పాటు తండ్రికి రోజూ ఫోన్లు, బెంగళూరులో సీటుంది, మంగళూరులో సీటుంది, ఈ రోజు టోకెన్ అడ్వాన్స్ వేస్తే బ్లాక్ చేస్తాం అని. మన బీ-కేటగిరీ సీటైనా విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీయే మెరిట్ ప్రకారం కేటాయిస్తుంది, మధ్యలో ఎవరూ బ్లాక్ చేసేది లేదు. ఆ నంబర్లన్నీ ఆయన చేత బ్లాక్ చేయించాను.

చివరికి మూడు దరఖాస్తులు మిగిలాయి, రాష్ట్రం కన్వీనర్ కోటా, రాష్ట్రం బీ-కేటగిరీ, మనశ్శాంతి కోసం ఆల్ ఇండియా కోటా.

ఇప్పుడు అసలు పని, ఆ బిల్లు పుస్తకం వెనక ఉన్న ఆరు కాలేజీల జాబితా. పేర్లన్నీ పెద్దవే, పాతవే. ఏఎంసీ 1923 నాటిది, రంగరాయ 1958, గుంటూరు 1946, ఇవన్నీ వాళ్లకు తెలిసిన డాక్టర్లు చదివిన కాలేజీలు, అందుకే ఆ ఆరూ రాశారు. పాప ర్యాంకుకు ఆ ఆరింటిలో ఒక్కటీ అందదు. ఆరు మాత్రమే పెట్టి లాక్ చేసి ఉంటే కన్వీనర్ కోటాలో ఆమెకు సున్నా. పైగా ఆరింటిలో రెండు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ఏరియావి, అక్కడ 85 శాతం అక్కడి స్థానికులకే, మనకు దొరికేది అందరికీ తెరిచి ఉంచే 15 శాతంలో, అందులోకి ముందు మంచి ర్యాంకుల వాళ్లు దూరతారు.

నా దగ్గర ఒక అట్టపెట్టె ఉంది, అందులో రాష్ట్రంలోని కాలేజీల పేర్లు రాసిన చీటీలు. అవి బల్లమీద పోసి పాపను వరసలో పెట్టమన్నాను, పెద్దవాళ్లెవరూ ముట్టుకోకూడదని షరతు. ముందు ఏఎంసీ పెట్టింది, చెయ్యి ఆగింది, "రాదు కదా సార్, తీసేయనా" అంది. ఉంచమన్నాను. అప్పుడు తండ్రి భయం బయటికొచ్చింది, "రానివి పైన పెడితే వచ్చేది కూడా పోతుందేమో సార్, కంప్యూటర్ ఆ పెద్దవాటి దగ్గరే ఆగిపోతదేమో."

ఈ భయం వల్లే చాలామంది జాబితాలు తలకిందులు అవుతాయి, అందుకని కొంచెం సాగదీసి చెప్పాను. కంప్యూటర్ ముందు మెరిట్ లిస్ట్‌లో మొదటి పిల్లను తీసుకుంటుంది, ఆ పిల్ల ఆప్షన్లు పై నుంచి చూస్తుంది, మొదట ఖాళీగా కనబడిన సీటు ఇచ్చేస్తుంది. తర్వాత రెండో పిల్ల. మన పాప వంతు వచ్చేసరికి ఆమె జాబితా పై నుంచి మొదలు, ఏఎంసీ నిండిపోయింది, కిందికి, రంగరాయ నిండిపోయింది, కిందికి, అలా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆగుతుంది. పైన రానివి ఎన్ని ఉన్నా వాటికోసం ఆమె వంతు దాటిపోదు, ఆమె వెనక ర్యాంకు వాళ్లు ముందుకు రారు. అదే, రాదేమో అని మంచి కాలేజీని కింద పెట్టి, వస్తుందనుకున్నది పైన పెడితే, ఆ రోజు మంచిది ఖాళీగా ఉన్నా కంప్యూటర్ పైదే ఇస్తుంది, మీరు అడిగింది అదే కదా. కాబట్టి వరస ఇష్టం ప్రకారం, ఆశ ప్రకారం కాదు. తండ్రి దీన్ని నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు.

పెద్దవి పైకి వెళ్లాక అసలు చర్చ మధ్యలో వచ్చింది. 2023లో మొదలైన విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల గవర్నమెంట్ కాలేజీలు ఒక పక్క, 2024లో 50 సీట్లతో వచ్చిన పాడేరు ఇంకో పక్క, మధ్యలో ప్రైవేట్ కాలేజీల కన్వీనర్ సీట్లు, మారికవలస జీవీపీ, సంగివలస ఎన్నారై, నెల్లిమర్ల మిమ్స్, రాగోలు గ్రేట్ ఈస్టర్న్, అమలాపురం కోనసీమ, రాజమండ్రి జీఎస్ఎల్, ఏలూరు ఆశ్రం. ఫీజులో పెద్ద తేడా లేనప్పుడు ఏది పైన? తండ్రికి గవర్నమెంట్ అన్న మాట ఉంటే చాలు. నా అభిప్రాయం, గవర్నమెంట్ ఆసుపత్రిలో రోగులు ఎక్కువ, మూడో ఏడాది నుంచి పిల్లలు నేర్చుకునేది వార్డులోనే, ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ కూడా బాధ లేకుండా వస్తుంది, కాబట్టి మామూలుగా గవర్నమెంటే పైన. కానీ కొత్త కాలేజీల్లో ఫ్యాకల్టీ కుదురుకోవడానికి టైము పడుతుంది, ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ప్రైవేట్ కాలేజీ కొన్నిసార్లు అంతకన్నా మెరుగు. ఇంకో మెలిక, 2023లో మొదలైన ఈ కాలేజీల్లో కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ కింద ఏడాదికి 12 లక్షల ఫీజుతో ఇచ్చారు, పేరులో గవర్నమెంట్ అని ఉంటే అన్ని సీట్లూ గవర్నమెంట్ ఫీజుకే అనుకుని ఆప్షన్ కొట్టకూడదు, ఏ కోటా దరఖాస్తులో ఉన్నామో చూసుకోవాలి.

పాడేరు చీటీ దగ్గర పాప చాలాసేపు ఆగింది. తండ్రి "ఏజెన్సీలోనా, ఘాట్ రోడ్డు" అన్నాడు. నిజానికి పాడేరు, శ్రీకాకుళం రెండూ విశాఖకు ఇంచుమించు ఒకే దూరం, నూరు కిలోమీటర్ల పైచిలుకు. పాపకు ఈ రెండింట్లో ఎక్కడైనా హాస్టలే. "అక్కడ మలేరియా, సికిల్ సెల్ కేసులు బాగా చూడొచ్చు కదా సార్" అని అడిగింది, ఆ ప్రశ్నకు నేను ఆమె వైపు కొత్తగా చూశాను. పాడేరును మారికవలస కింద, నెల్లిమర్ల పైన పెట్టింది. నేనైతే ఇంకా పైన పెట్టేవాణ్ణి, కానీ అక్కడ ఐదేళ్లు ఉండేది నేను కాదు.

వరస అయ్యాక చివరి ప్రశ్న, గీత ఎక్కడ కొట్టాలి. నా పద్ధతి ఒకటే. కింద నుంచి ఒక్కో చీటీ చూపించి, "ఇది ఒక్కటే వచ్చి, ఇంకేమీ రాకపోతే చేరతావా, లాంగ్ టర్మ్‌కు వెళ్తావా?" అని అడుగుతాను. చేరతాను అంటే ఉంచు, మళ్లీ రాస్తాను అంటే తీసెయ్. ఇలా అడిగితే పిల్లలు నిజం చెప్తారు. ఆమె రెండు మూడు చీటీలు మాత్రం తీసింది, అవి తీసినందుకు కారణాలు కూడా చెప్పింది, నాకు సబబుగానే అనిపించాయి. మిగతావన్నీ ఉన్నాయి, రాయలసీమ వైపువి కూడా, అమ్మాయి కాబట్టి తిరుపతి పద్మావతి మహిళా కాలేజీ కూడా. ఆరు కాలేజీల జాబితా దాదాపు రాష్ట్రమంతా అయింది. అదే వరస సిస్టమ్‌లోకి ఎక్కించి, సేవ్ చేసి, ప్రింట్ తీసి, చీటీల వరసతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ సరిచూశాం. ఈ సరిచూసే పని విసుగే, కానీ కాలేజీ కోడ్ ఒకటి అటూ ఇటూ అయితే ఐదేళ్లు ఊరే మారిపోతుంది.

బీ-కేటగిరీకి ఇదే పద్ధతిలో జాబితా రాయించాను, అక్కడ మాత్రం విశాఖ, విజయనగరం చుట్టుపక్కల ఉన్నవే నాలుగు. స్థలం అమ్మి కట్టే ఫీజు అయినప్పుడు హాస్టల్ ఖర్చు కూడా కలిసొచ్చేలా చూసుకోవాలి, అంత డబ్బు పెట్టి దూరం వెళ్లడంలో అర్థం లేదు. ఈ జాబితా సిస్టమ్‌లో ఎక్కించలేదు, కాగితం మీదే ఉంచాం.

ఆల్ ఇండియా మొదటి రౌండులో అనుకున్నట్టే ఏమీ రాలేదు. మేనమామ ఫోన్ చేసి "డీమ్డ్ పెట్టుంటే ఈపాటికి వచ్చేది" అన్నాడు. వచ్చేది, అందులో అనుమానం లేదు. తండ్రి ఆ మాటకు జవాబు చెప్పకుండా ఫోన్ నాకిచ్చాడు, నేనూ రాష్ట్రం జాబితా వచ్చేదాకా ఆగమనే చెప్పాను.

రాష్ట్రం మొదటి విడతలో శ్రీకాకుళం వైపు ఒక ప్రైవేట్ కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది. ఆమె జాబితాలో అది మధ్యకు కాస్త కింద ఉంది, బిల్లు పుస్తకం జాబితాలో అసలు లేనే లేదు. దాని పైన ఉన్న నెల్లిమర్ల, పాడేరు, మారికవలస, అన్నీ ఆమె కన్నా ముందున్నవాళ్లతో నిండిపోయాయి. చేరింది. చేరినా రెండో విడతలో పైకి జరిగే అవకాశం వదలొద్దని చెప్పాను, ఆప్షన్లలో వచ్చిన కాలేజీ కన్నా పైన ఉన్నవాటినే ఉంచి, కింద ఉన్నవన్నీ తీసేయించాను, ఈ దశలో పొడుగు జాబితాతో పనిలేదు కాబట్టి. తండ్రి అప్పుడు కూడా "ఇంకొన్ని పెడదామా సార్" అన్నాడు, అలవాటైపోయింది.

రెండో విడతలో సీటు మారలేదు. బీ-కేటగిరీ ఆప్షన్లు ఇవ్వలేదు, దరఖాస్తు ఫీజు పదివేల చిల్లర పోయింది, దాని గురించి తండ్రి కనిపించినప్పుడల్లా ఒకసారి గుర్తుచేస్తాడు, గుర్తుచేయనీ. ఆల్ ఇండియా డిపాజిట్ పదివేలు ఆయన ఖాతాలోనే తిరిగి పడ్డాయి. ఆనందపురం స్థలం అలాగే ఉంది. తమ్ముడిది ఎంపీసీయట, ఇంజనీరింగ్‌కు ఎన్ని కాలేజీలు పెట్టాలో ఇప్పటినుంచే అడుగుతున్నారు, అది నా సబ్జెక్టు కాదని చెప్పి పంపించాను.